ఆజంజాహి నేలలో అందరికీ ఒక చోటు
వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,



ఆజంజాహి మిల్లు మైదానంలో జిల్లా సమీకృత కలెక్టరేట్ పని మొదలైనప్పటి నుంచి మా వాడల్లో మిల్లు ముచ్చట మళ్లీ లేచింది. ఆ నేలలో ఇప్పటికే ఇళ్ల ప్లాట్లు పడ్డాయి, రోడ్లు పడ్డాయి, సర్కారు ఆఫీసుకు చోటు దొరికింది. దాదాపు ఏడు దశాబ్దాలు అక్కడ చెమటోడ్చిన వాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు కలిసి కూర్చోవడానికి మాత్రం చోటు మిగల్లేదు. ఆ నేలలో ప్రభుత్వం చేతిలో ఇంకా ఉన్న భాగంలో ఒక కమ్యూనిటీ సెంటర్ కట్టండి, కట్టేముందే దాన్ని ఎవరు నడపాలో తేల్చండి అని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు విన్నపాల్లో రెండోదే పెద్దది. ఎందుకో కింద చెబుతాను.

నేను మిల్లు జీతాల మీద బతికిన వాడలో పెరిగినవాణ్ని. ఏ పార్టీ తరఫునా రాయడం లేదు, ఏ సంఘం తరఫునా రాయడం లేదు. జిల్లా కలెక్టర్లు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద వెళ్తారు. కాబట్టి ఆ నేల వెనకున్న కథ కాస్త చెప్పనివ్వండి.

1934లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో, ఆయన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద ఈ మిల్లు వెలిసింది. చుట్టూ పత్తి చేలు, పక్కనే రైలు స్టేషన్, తరతరాలుగా మగ్గం తెలిసిన చేతులు. ఈ మూడూ కలిసిన ఊరు వరంగల్. పత్తి బేళ్లు ఒక వైపు నుంచి లోపలికి పోతే ఇంకో వైపు నుంచి గుడ్డ బయటికొచ్చేది. బ్లో రూములో పత్తి దులపడం, కార్డింగులో పాయలు తీయడం, స్పిన్నింగులో నూలు వడకడం, వైండింగు, ఆ తర్వాత మగ్గాలు. పద్మశాలీలు, దళితులు, ముస్లింలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన రైతుకూలీలు ఒకే షెడ్డులో, ఒకే దుమ్ము పీలుస్తూ పనిచేశారు. మిల్లు సైరన్ మోగితే ఊరు గడియారం చూడాల్సిన అవసరం ఉండేది కాదు. పిల్లలు బడికి బయల్దేరడం, హోటళ్లలో చాయ్ పొయ్యిలు అంటుకోవడం, కూరగాయల అంగడి నిండడం అన్నీ షిఫ్టును బట్టే నడిచేవి.

1974లో పార్లమెంటు 103 ఖాయిలా బట్టల మిల్లులను జాతీయం చేసింది. వాటిలో మనదీ ఒకటి. అలా అది జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. ఆ తర్వాత కథ దేశంలోని చాలా మిల్లులదే. యంత్రాలు పాతబడ్డాయి, పవర్‌లూమ్‌ల పోటీ పెరిగింది, నష్టాలు పేరుకున్నాయి, కొత్త పెట్టుబడి రాలేదు. 2002లో గేటు మూతపడింది. స్వచ్ఛంద విరమణ అన్నది కాగితం మీది పేరు. సంతకం పెట్టక గత్యంతరం లేని మనుషులు పెట్టిన సంతకాలవి. యంత్రాలు వేలానికి పోయాయి, పొగగొట్టం పోయింది, షెడ్లు పోయాయి. భూమి చేతులు మారింది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) చేతికొచ్చిన భాగంలో ‘ఓ సిటీ’ పేరుతో కాలనీ లేచింది. ఇంటి జాగా కోసం కార్మికులు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ తిరుగుడులోనే కన్నుమూసినవాళ్లున్నారు.

మిల్లు మూతపడ్డప్పుడు ఊరు కోల్పోయింది జీతాలని అందరికీ తెలుసు. ఇంకోటి కూడా పోయింది, దాన్ని ఎవరూ లెక్క రాయలేదు. వేర్వేరు కులాల, మతాల మనుషులు రోజూ పక్కపక్కన నిలబడే ఒకే ఒక్క పెద్ద చోటు మిల్లు. గేటు దగ్గర యూనియన్ మీటింగు, క్యాంటీన్ బల్ల, జీతాల రోజు వరుస, సెలవు పెట్టినవాళ్ల బదులు దొరికే పని కోసం పొద్దున్నే వచ్చి నిలబడే కుర్రాళ్ల గుంపు. వీటిలో ఎవరి కులమేదో తెలియక కాదు, తెలిసీ కలిసి ఉండాల్సి రావడం వల్ల ఒక అలవాటు ఏర్పడింది. ఒకరింటి పెళ్లికి ఇంకొకరు, ఒకరింటి చావుకు ఇంకొకరు వెళ్లే అలవాటది. గేటు పడ్డాక ఎవరి వాడకు వాళ్లు వెళ్లిపోయాం. కొందరు భివండికి, కొందరు సూరత్‌కు, కొందరు షోలాపూర్‌కు వెళ్లారు. మిగిలినవాళ్లు ఆటోలు తోలారు, ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోశారు, వాచ్‌మెన్లయ్యారు. ఇరవై ఏళ్లకు పైగా గడిచినా ఆ నలుగురూ కలిసే చోటు స్థానంలో ఇంకో చోటు రాలేదు.

ఊళ్లో కమ్యూనిటీ హాళ్లు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. కానీ వాటిలో చాలావరకు కులానికొకటిగా వచ్చినవి. ఎన్నికల ముందు శంకుస్థాపన జరుగుతుంది, శిలాఫలకం మీద పేర్లు చెక్కుతారు, సంఘం అధ్యక్షుడి ఇంట్లో తాళం చెవి ఉంటుంది. పెళ్లికో, దశదిన కర్మకో తెరుస్తారు. మిగతా రోజుల్లో వరండాలో గేదెలు పడుకుంటాయి. రెండో రకం ఫంక్షన్ హాళ్లు. వాటి అద్దె ఒక రోజువారీ కూలీ కుటుంబం అప్పు చేస్తే తప్ప కట్టలేనిది. మూడో రకం పెద్ద ఆడిటోరియాలు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది పడితే 2024 నవంబరులో తలుపులు తెరుచుకున్నాయి. అది రావడం మనందరికీ గర్వకారణం. కానీ అది కార్యక్రమం ఉన్న రోజు వెళ్లే చోటు. పనేమీ లేని మంగళవారం మధ్యాహ్నం ఒక ముసలమ్మ వెళ్లి కూర్చోవడానికి కట్టింది కాదు. నేను అడుగుతున్నది ఆ మంగళవారం మధ్యాహ్నం గురించి.

అందుకే నా మొదటి వాదన తాళం చెవి గురించి. కమ్యూనిటీ సెంటర్ బాగుపడేదీ పాడయ్యేదీ ప్లానులో కాదు, తాళం ఎవరి చేతిలో ఉందన్న దగ్గర. ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని అంతస్తులు, ముందు ఫౌంటెన్ ఉందా లేదా అన్నవి తర్వాతి సంగతులు. పొద్దున ఆరింటికి ఎవరు తెరుస్తారు? రాత్రి తొమ్మిదింటికి ఎవరు మూస్తారు? కరెంటు బిల్లు ఏ పద్దు కింద కడతారు? మరుగుదొడ్డి రోజుకెన్నిసార్లు కడుగుతారు, కడిగే మనిషికి జీతం ఎవరిస్తారు? ఎవరో పెద్దమనిషి ఫోన్ చేస్తే పిల్లల్ని ఖాళీ చేయించి హాలు ఇచ్చేయాలా వద్దా? ఈ ప్రశ్నలకు జవాబు రాయకుండా టెండరు పిలిస్తే కొత్త భవనానికి పాత గతే పడుతుంది.

ఆ చోటు ఎవరికి కావాలో ఒక రోజు లెక్కన చెబుతాను.

పొద్దున్నే వచ్చేది మిల్లు పెద్దలు. పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, మగ్గాల మోతకు మందగించిన చెవులు. నడక, ఊపిరి వ్యాయామాలు, వారానికోసారి డాక్టరు వచ్చి కూర్చునే గది వాళ్లకు అవసరం. పది దాటితే చదువుకునే పిల్లలు వస్తారు. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, టీచరు ఉద్యోగాలకు తయారయ్యే యువత ఈ నగరంలో వేలల్లో ఉంది. గ్రంథాలయంలో కుర్చీ దొరకక మెట్ల మీద, చెట్ల కింద చదువుతున్నారు. ఒక గదిలో ఇద్దరు ముగ్గురున్న ఇంటి పిల్లకు కావలసింది ఒక బల్ల, ఒక ఫ్యాను, తాగునీళ్లు, ఆడపిల్ల భయం లేకుండా వెళ్లగల మరుగుదొడ్డి. మధ్యాహ్నం ఆడవాళ్లు వస్తారు. పొదుపు సంఘాల లెక్కలు చూసుకుంటారు, కుట్టు నేర్చుకుంటారు. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ మగ్గం పనిని కొత్తవాళ్లకు చూపే చోటు ఈ నగరంలో ఎక్కడుంది? సాయంత్రం బడి పిల్లలు వస్తారు. క్యారమ్స్, వాలీబాల్, చదరంగం, చిందు, ఒగ్గు, నాటకం. రాత్రి పూట పనుల నుంచి తిరిగొచ్చినవాళ్లు వస్తారు. పీఎఫ్ ఆగిపోయిందనో, గ్రాట్యుటీ రాలేదనో, ఈఎస్ఐ కార్డు పనిచేయడం లేదనో అడిగేందుకు ఒక న్యాయ సహాయ బల్ల ఉండాలి.

ఈ న్యాయ సహాయ బల్లకు ఒక కొత్త అవసరం కూడా ఉంది. గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడి పరిశ్రమల్లోకి కుట్టు పనికి, వడికే పనికి మా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు వెళ్తున్నారు. దుమ్ము నుంచి ముక్కును ఎలా కాపాడుకోవాలి, హాజరు పట్టీలో ఏం చూసుకోవాలి, ఏ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకూడదు అన్నది వాళ్లకు చెప్పగలిగిన పాఠశాల మిల్లు పెద్దలే. ఆ తరం, ఈ తరం ఎదురెదురుగా కూర్చునే బల్ల ఆజంజాహి నేల మీద ఉంటే అంతకంటే సరైన చోటేముంది?

ఇదంతా పరాయి ఆలోచన అనుకోకండి. జనం కూడబెట్టుకుని నడుపుకున్న చోట్ల చరిత్ర ఈ గడ్డకు కొత్త కాదు. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టింది. తెలుగులో చదువుకోవడమే కష్టమైన కాలంలో, సర్కారు సాయం లేకుండా, పుస్తకాలు పోగుచేసి, సభలు పెట్టి దాన్ని నిలబెట్టారు. అది నిలబడింది గోడల బలంతో కాదు, మాదే అనుకున్న మనుషుల బలంతో.

బయటి నుంచి ఒక ఉదాహరణ చూడండి. బ్రెజిల్‌లో సావో పాలో నగరంలో పొంపేయా అనే పేట ఉంది. అక్కడ మూతపడ్డ డ్రమ్ముల ఫ్యాక్టరీ ఒకటి సెస్క్ అనే సంస్థ చేతికొచ్చింది. పడగొట్టి కొత్తది కట్టాలన్న ఆలోచన ఉండగా 1977లో ఆ పని లీనా బో బార్డీ అనే వాస్తుశిల్పి చేతిలో పెట్టారు. ఆమె వెళ్లి చూసేసరికి ఆ పాత షెడ్ల కింద అప్పటికే పిల్లలు బంతి ఆడుతున్నారు, కుటుంబాలు వంటలు చేసుకుంటూ సెలవు గడుపుతున్నాయి. ఈ సంతోషం ఇక్కడే ఉండాలి అని ఆమె నిర్ణయించింది. ఇటుక గోడలు, కప్పులు ఉంచేసి లోపల గ్రంథాలయం, నాటకశాల, కుండలు చేసే గదులు, తక్కువ ధరకు అన్నం పెట్టే పెద్ద భోజనశాల పెట్టింది. 1982లో అది తెరుచుకుంది, 1986లో పక్కనే ఆటల బురుజులు వచ్చాయి. ఈనాటికీ అది జనంతో నిండుతుంది. అందులో మనం నేర్చుకోవలసింది రూపురేఖల కంటే రెండు విషయాలు. ఒకటి, జనం అప్పటికే ఏం చేస్తున్నారో చూసి ఆ తర్వాత గీత గీశారు. రెండు, దాన్ని నడిపే డబ్బు ఎవరి దయ మీదా ఆధారపడలేదు. వాణిజ్య సంస్థలు తమ జీతాల బిల్లు మీద చట్టప్రకారం కట్టే 1.5 శాతం సొమ్ముతో సెస్క్ నడుస్తుంది. డబ్బు వచ్చే దారి ముందే తేలింది కాబట్టే దీపం ఆరలేదు.

ఇంకో అనుభవం మన దేశంలోనిదే, చేదుది. ముంబై మిల్లుల్లో వేలాది తెలుగు కుటుంబాలు బతికాయి. కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల పద్మశాలీలు అక్కడి పేటల్లో స్థిరపడ్డారు. 1982 జనవరి 18న మొదలైన మహా సమ్మె తర్వాత మిల్లులు కోలుకోలేదు. 1991లో అక్కడి ప్రభుత్వం ఒక నిబంధన రాసింది. మిల్లు భూమిని తిరిగి అభివృద్ధి చేస్తే మూడో వంతు బహిరంగ స్థలానికి, మూడో వంతు ప్రజల ఇళ్లకు, మిగతాది యజమానికి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! 2001లో ఆ నిబంధనను సవరించి, కట్టడాలు లేని ఖాళీ జాగాకే ఆ పంపకం వర్తిస్తుందన్నారు. ప్రజల వాటా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణనే నిలబెట్టింది. ఆ నేల మీద ఈ రోజు గాజు మేడలున్నాయి. కాగితం మీద రాసిన ప్రజల వాటాను కూడా ఒక్క సవరణ తినేయగలదని ముంబై చెబుతోంది. మనకు ఆ కాగితం కూడా లేదు. అందుకే ముందు కాగితం కావాలి.

నేల గురించి, నీళ్ల గురించి కూడా చెప్పాలి. ఇవి ఇంజనీర్ల పని అని వదిలేస్తే తర్వాత అనుభవించేది మా పిల్లలు.

ఏ పాత మిల్లు నేల కిందైనా బాయిలర్ బూడిద, యంత్రాల నూనె, ట్రాన్స్‌ఫార్మర్ నూనె, పగిలిన ఆస్బెస్టాస్ రేకులు, అద్దకం రసాయనాల మడ్డి ఉండే అవకాశం ఉంది. పైన చదును చేసి ఎర్రమట్టి పోస్తే కంటికి బాగుంటుంది, కింద ఉన్నది మాయం కాదు. పిల్లలు ఆడే చోట, కూరగాయలు పెంచే చోట, బోరు వేసే చోట మట్టి నమూనాలు వేర్వేరు లోతుల్లో తీసి సీసం, క్రోమియం లాంటి లోహాలకూ నూనె అవశేషాలకూ పరీక్ష చేయించండి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. పరీక్షలో ఏమీ తేలకపోతే మంచిదే, ఆ ఫలితాన్ని తెలుగులో బోర్డు మీద పెట్టండి. తేలితే ఆ మట్టి తీసేంత వరకు పునాది తవ్వకండి.

ఇక నీళ్లు. 2020 ఆగస్టులో నగరం మునిగింది. 2023 జులైలో మళ్లీ మునిగింది, భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వానకు కాలనీలు మళ్లీ నీళ్లలో నిలబడ్డాయి. ప్రతిసారీ అండర్ రైల్వే గేట్ ప్రాంతంలో, నాలాల పక్క వాడల్లో జనం పిల్లల్ని భుజాన వేసుకుని బళ్లలోకీ, ఫంక్షన్ హాళ్లలోకీ పరుగెత్తారు. కమ్యూనిటీ సెంటర్ కట్టడానికి ఇంకే కారణం లేకపోయినా ఇదొక్కటి చాలు. గడచిన వరదల నీటిమట్టం కంటే ఎత్తున పునాది ఉండాలి, మేడ మీద సోలార్ కరెంటు ఉండాలి, నాలుగైదు వందల మందికి వండే వంటగది ఉండాలి, మందుల బీరువా, ఆడవాళ్లకు విడిగా గదులు ఉండాలి. మామూలు రోజుల్లో అదే వంటగది తక్కువ ధరకు భోజనం పెట్టాలి. రోజూ వాడే వంటగదే విపత్తు నాడు పనిచేస్తుంది. తాళం వేసి ఉంచిన సామగ్రి ఆ రోజుకు తుప్పు పట్టి ఉంటుంది. అలాగే ఆవరణంతా సిమెంటు పోయకండి. వాన నీరు ఇంకే నేల, నీడనిచ్చే చెట్లు, ఒక ఇంకుడు కుంట మిగలాలి. మునిగే ఊరికి అవి కూడా రక్షణే.

ఇక మిల్లు జ్ఞాపకం సంగతి. వరంగల్ 2015లో కేంద్రం వారసత్వ నగరాల పథకం హృదయ్ జాబితాలో చేరింది. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. కాకతీయుల రాతిని కాపాడుకోవాలని నేర్చుకున్నాం, మంచిదే. కార్మికుల ఇటుకను మాత్రం వారసత్వం అనుకోలేదు. పొంపేయాలో ఉంచుకోవడానికి షెడ్లున్నాయి. మనకు అవి కూడా లేవు. ఇప్పుడు మిల్లు మిగిలి ఉన్నది మనుషుల్లోనే. 1975లో ఇరవై ఏళ్ల వయసులో పనిలో చేరిన మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఏ మగ్గం మీద ఏ రకం గుడ్డ నేశారు, తెగిన దారాన్ని నడుస్తున్న యంత్రం మీద ఎలా అతికేవాళ్లు, సమ్మె రోజుల్లో ఏ అంగడి శేఠు అప్పు మీద బియ్యమిచ్చాడు, ఆడవాళ్లు ఏ విభాగంలో పనిచేశారు, ప్రమాదంలో వేళ్లు పోయినవాళ్ల సంగతేమిటి. ఇవన్నీ వాళ్లతోనే వెళ్లిపోతాయి. భవనం కట్టడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఆ పని అప్పగించండి. ఇళ్లలో ఉన్న గుర్తింపు కార్డులు, జీతాల చీటీలు, యూనియన్ కరపత్రాలు, గ్రూప్ ఫోటోలు నకలు తీసి ఇచ్చిన వాళ్లకు అసలు తిరిగివ్వండి. అవి అద్దాల పెట్టెలో ఒక మూలన పడి ఉండకూడదు. చదువుకునే గది గోడల మీద, మెట్ల పక్కన, భోజనశాలలో అందరి కళ్లముందు ఉండాలి. ఆ పేర్లు రోజూ చదువుతూ పెరిగిన పిల్లకు తన తాత ఎవరో ఒకరు చెప్పనక్కర్లేదు.

చదువు సంగతికొస్తే, 2022లో యునెస్కో అభ్యసన నగరాల అంతర్జాతీయ కూటమిలో వరంగల్‌కు చోటు దొరికింది. వయసుతో, డిగ్రీతో పని లేకుండా ఊరంతా జీవితాంతం నేర్చుకోవాలన్నది దాని సారం. ఆ పేరు బోర్డుల మీద చూశాం. అది ఒక తలుపుగా, ఒక బల్లగా ఎక్కడ కనిపిస్తుందని ఎవరైనా అడిగితే చూపించడానికి మిల్లు నేల కంటే మంచి చిరునామా లేదు.

ఇప్పుడు నడపడం గురించి నా ప్రతిపాదన చెబుతాను. సెంటర్‌కు ఒక నిర్వాహక కమిటీ కావాలి. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మిల్లు కార్మికుల కుటుంబాలకు, చుట్టుపక్కల వాడలకు, చదువుకునే యువతకు, వికలాంగులకు కచ్చితమైన స్థానాలుండాలి. ఎన్నికైన ప్రతినిధులు సలహా ఇవ్వవచ్చు, తాళం చెవి మాత్రం వాళ్ల దగ్గర ఉండకూడదు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలంటోంది. ఆ కమిటీలకు నిజమైన పని అప్పగించే అవకాశం ఇది. రెండేళ్లకోసారి కమిటీ మారాలి. నెలనెలా జమాఖర్చులు గోడ మీద తెలుగులో, ఉర్దూలో అంటించాలి. ఆరు నెలలకోసారి సామాజిక తనిఖీ జరగాలి. పెళ్లిళ్లకు, సభలకు అద్దెకిచ్చే రోజులు నెలలో ఇన్ని అని పరిమితి పెట్టాలి, ఆ రోజుల్లోనూ చదువుకునే గది మూయకూడదు. ఏ కులం పేరూ, ఏ పార్టీ రంగూ దాని మీద పడకూడదు.

డబ్బు ఎక్కడిది అంటారు. మిల్లు భూముల్లో ప్లాట్ల వల్ల వచ్చిన, ఇక ముందు వచ్చే ఆదాయంలో ఒక వాటాను మూలనిధిగా వేయండి. దాని వడ్డీతో జీతాలు, కరెంటు, మరమ్మతులు నడవాలి. నగరపాలక సంస్థ బడ్జెట్‌లో ఏటా దాని పేరున ఒక పద్దు ఉండాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు వస్తే కుర్చీలకు, కంప్యూటర్లకు తీసుకోండి, రోజువారీ ఖర్చుకు వాటి మీద ఆధారపడకండి. ఒక ఏడాది వచ్చి మరో ఏడాది ఆగిపోయే డబ్బుతో తలుపు తెరిచి ఉంచలేం.

నగరం నడిబొడ్డున ఇంత విలువైన జాగాను ఆదాయం రాని పనికి వాడటమేమిటని అడిగేవాళ్లుంటారు. ఆ విలువ ఎలా వచ్చిందో వాళ్లను ఒక్కసారి ఆలోచించమనండి. మిల్లు ఉండబట్టి అక్కడ వాడలు వచ్చాయి, అంగళ్లు వచ్చాయి, బళ్లు వచ్చాయి. ఆ తర్వాతే గజం ధర పెరిగింది. ఆ విలువను పుట్టించిన వాళ్లకు అందులో కాసింత చోటు ఇవ్వడం దానం కాదు. కలెక్టరేట్ కూడా ప్రజలదే కదా అనేవాళ్లూ ఉన్నారు. నిజమే. కానీ అక్కడికి జనం అర్జీ పట్టుకుని వస్తారు. అర్జీ లేకుండా రాగలిగిన చోటు కూడా ఆ పక్కనే ఉండాలని అడుగుతున్నాను. అర్జీలు తీసుకునే ప్రజావాణికి పొద్దున్నే ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చే ముసలివాళ్లకు ఒక నీడ, ఒక అన్నం ముద్ద, అర్జీ రాసిపెట్టే మనిషి దొరికితే మీ ఆఫీసు పనీ తేలికవుతుంది.

కలెక్టర్ గారూ, మీ చేతిలో ఉన్న పనులే అడుగుతున్నాను. మిల్లు భూముల్లో ప్రభుత్వం ఆధీనంలో ఇంకా ఎంత మిగిలి ఉందో సర్వే చేయించి సర్వే నంబర్లతో సహా బయటపెట్టండి. అందులో కమ్యూనిటీ సెంటర్‌కు కొంత భాగం కేటాయిస్తూ, ఇంకే అవసరానికీ మళ్లించరాదని, అమ్మరాదని రాతపూర్వకంగా ఉత్తర్వు తెప్పించండి. మట్టి పరీక్ష, వరద మట్టం కొలత చేయించి ఫలితాలు అందరికీ తెలియజేయండి. ప్లాను గీయించేముందు కరీమాబాద్‌లో, శివనగర్‌లో, దేశాయిపేటలో, కాశీబుగ్గలో, కొత్తవాడలో, లేబర్ కాలనీలో సభలు పెట్టి జనం మాట వినండి. ఆడవాళ్ల సభ విడిగా, వాళ్లకు వీలైన వేళ పెట్టండి. మిల్లు పెద్దల మాటలు రికార్డు చేసే పని వెంటనే మొదలుపెట్టించండి. నిర్వాహక కమిటీ నియమావళి, మూలనిధి ఉత్తర్వు వచ్చాకే టెండరు పిలవండి.

శంకుస్థాపన రాయి కోసం తొందరలేదు. ఆ రాయి మీద ఎవరి పేరుంటుందన్న పట్టింపూ లేదు. తొందర ఉన్నది ఒక్క విషయంలోనే. ఆ నేల మీద పనిచేసిన వాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ సెంటర్ ఎలా ఉండాలో చెప్పే హక్కు అందరికంటే ముందు వాళ్లకుంది. మొదటి సభ వాళ్లతో, మిల్లు మైదానంలోనే పెట్టండి. తేదీ ప్రకటించండి. వాడవాడకూ కబురు చేసి వాళ్లను తీసుకొచ్చే బాధ్యత మాది.

భవదీయుడు,
మిల్లు కార్మికుల వాడలో పెరిగిన ఒక వరంగల్ పౌరుడు